ముడుల్లేని పడుగు

ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు ఎక్కేటప్పుడు ప్రమీల నెత్తిన ఒక గోనెసంచి, చంకలో ఇంకో గోనెసంచి, పళ్ళ మధ్య ఆధార్ కార్డు ఉన్నాయి. రెండు సంచులూ సీటు మీద కూర్చుంటే తాను నిలబడాల్సి వచ్చింది. కండక్టరు కార్డు చూసి సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు గానీ సంచుల దగ్గర ఆగిపోయాడు.

"ఏముందమ్మా వీటిల్లో?"

"క్రిస్మస్సు అన్నా," అంది ప్రమీల.

అతను వేలితో ఒక సంచిని నొక్కి చూశాడు. వేలు లోపలికి పోయింది. "క్రిస్మస్సు మెత్తగానే ఉందే," అని నవ్వి, లగేజీ మాట ఎత్తకుండా ముందుకు పోయాడు.

ఒక సంచిలో తుక్కు పత్తి. ప్రమీల వాళ్ళమ్మ ఆదోనిలో పత్తి మిల్లులో పనిచేస్తుంది. మిషన్ల కింద రాలిపడ్డ పత్తిని మేస్త్రీని అడిగి, ఆకూ అలమా ఏరి, వారం రోజులుగా కూతురి కోసం దాచిపెట్టింది. రెండో సంచిలో గుడ్డముక్కలు. కుట్టుమిషను సైదా బీ ఆరు నెలల కత్తిరింపులన్నీ గుమ్మరించి, "తీసుకపో బేటీ, ఎలుకలు కాపురం పెట్టకముందే తీసుకపో," అని తానే సంచి మూతి కట్టి ఇచ్చింది. ఈ తుక్కును చూసి ప్రమీలకు కలిగిన సంతోషం పట్టుచీరలు చూసినా కలిగేది కాదు. బస్సు కదిలాక కూడా సంచుల మీద చెయ్యి వేసి, ఇంట్లో ఎవరికి ఏ ముక్క నప్పుతుందో లెక్కేసుకుంటూనే ఉంది.

ఎమ్మిగనూరులో మామ ఇస్సాకు ఇంట్లోనే గుంటమగ్గం మీద నేస్తాడు. అత్త సుంకులమ్మ వండిపెడుతుంది, వాదిస్తుంది, అందరి తరఫునా ప్రార్థన చేస్తుంది. భర్త ఎలీషాకు నందవరం దారిలో తిరిగే ఆటో ఉంది. ఇంకొక మనిషి ఉంది, ఇస్సాకు అక్క ఉచ్చీరమ్మ. మొగుడు పోయి ముప్ఫై ఏళ్ళ కిందట తమ్ముడి పంచన చేరింది. అప్పటి నుంచీ తలుపు పక్కన గోడకు ఆనుకొని, రాట్నం ముందు కూర్చొని, మగ్గానికి నూలు కండెలు చుడుతూనే ఉంది. ప్రమీల ఆమెను పెద్దత్తా అని పిలుస్తుంది. ఆ ఇంట్లో ఆమెను ఏదో ఒక వరసపెట్టి రోజూ పిలిచేది ప్రమీల ఒక్కతే. మిగతావాళ్ళు "కండె" అంటారు, ఆమె కండె అందిస్తుంది.

పోయిన ఏడాది ప్రమీలకు ఆ ఇంట్లో మొదటి క్రిస్మస్. వాళ్ళ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. గుడి నుంచి వచ్చాక అందరి కానుకలూ ఒక గంపలో పెడతారు. ఇస్సాకు గంప ముందు కూర్చొని ఒక్కో ఇంటి పేరు పిలుస్తాడు. "ఎస్తేరు ఇంటి కానుక" అంటే ఆదోని నుంచి వచ్చిన కూతురు లేచి తన కానుకలు పంచుతుంది. "ఎలీషా ఇంటి కానుక" అంటే కొడుకూ కోడలూ లేస్తారు. అన్నీ అయ్యాక ఇస్సాకు గంపను బోర్లిస్తాడు, అందరూ భోజనానికి లేస్తారు. పోయినసారి ఎస్తేరు అంగడి నుంచి తెచ్చిన పెట్టెలకు తళతళలాడే కాగితాలు, రిబ్బన్లు, లోపల ప్లాస్టిక్ పూలు. తలుపు పక్కన కూర్చున్న ఉచ్చీరమ్మకు మాత్రం సుంకులమ్మ కట్టి విడిచిన చీర ఒకటి మడతపెట్టి ఇచ్చారు. ఆమె రెండు చేతులా తీసుకుంది. గంప బోర్లించగానే కొంగు గుప్పిట పట్టుకొని లేచి రాట్నం దగ్గరికి వెళ్ళిపోయింది. అంత పండగనాడు ఎవరు అడిగారని కండెలు? సాయంత్రం పెరట్లో ఆ తళతళల కుప్పకు నిప్పు పెడితే నల్లటి పొగ లేచింది. పక్కింటి తిప్పమ్మ మేక రిబ్బను తిని మూడు రోజులు లేవలేదు. ఆ పొగ, ఆ పాత చీర రెండూ ప్రమీల కడుపులో అలాగే ఉండిపోయాయి.

అందుకే దసరా నాడే ప్రకటించేసింది. ఈసారి అంగడి సరుకు ఇంట్లోకి రాకూడదు. ఎవరి కానుక వాళ్ళు చేత్తో చెయ్యాలి. పండగైన తర్వాత కాల్చడానికి ఏమీ మిగలకూడదు.

"ఆదోని పిల్ల మనకు పండగ నేర్పిస్తాందప్పా," అని సుంకులమ్మ మూతి తిప్పింది. ఎస్తేరు ఫోన్లో పడీ పడీ నవ్వింది. ఇస్సాకు మాత్రం, "సేయనీలే. నేను ఏటా సేసేది సేత్తోనే కదా," అన్నాడు. అదీ నిజమే. ఏటా క్రిస్మస్‌కు గుడిలో ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఇస్సాకే నేసి ఇస్తాడు. వాళ్ళ నాయన కాలం నుంచీ ఆ గుడ్డ ఆ ఇంటిదే.

మంగళవారం సంచులు దిగాయి. బుధవారం నుంచి ప్రమీల చేతులకు ఊపిరి ఆడలేదు. మామకు మగ్గం గుంట అంచు మీద వేసుకోవడానికి పత్తి కూరిన దిండు. అత్తకు కుండ కింద పెట్టుకునే కుదురు, గుడ్డపీలికలు జడలా అల్లి చుట్టలు చుట్టి కుట్టింది. అది ఒక పక్కకు ఒరిగింది, విప్పి మళ్ళీ చుడితే ఇంకో పక్కకు ఒరిగింది. ఎలీషాకు ఆటోలో నీళ్ళ సీసా తగిలించుకునే సంచి. ఎస్తేరుకు భుజాన వేసుకునే సంచి, ఆమె కూతురు కెజియకు గుడ్డబొమ్మ. బొమ్మకు కళ్ళు కుట్టేసరికి ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయి, అది కన్ను గీటుతున్నట్టు కనబడింది. ప్రమీల ఒక్కతే కూర్చొని నవ్వుకుంది.

అన్నిటికంటే పెద్ద పని పెద్దత్తకు బొంత. సైదా బీ ముక్కల్లో అన్నిటికంటే మెత్తనివి ఏరి, మధ్యలో పలచగా పత్తి పరిచి, చిన్న చిన్న కుట్లతో కుట్టుకొచ్చింది. చలికాలం తెల్లవారుజామున ఆమె చాపమీద ముడుచుకొని పడుకునేది రోజూ చూస్తూనే ఉంది. ఈసారి ఆ తలుపు పక్కన పాత చీర కాదు, ఇంట్లో అందరికంటే మంచి కానుక పడాలి. అందరి కళ్ళ ముందర పడాలి. ఆ ఘడియను తలుచుకుంటే సూది దానంతట అదే పరుగెత్తేది.

పై వారం గురువారం సాయంత్రానికి బొంత అయిపోయింది. నాలుగు మూలలా నాలుగు కుచ్చులు ఉంటే ఎంత బాగుంటుంది అనిపించింది. కుచ్చులకు పొడుగాటి దారాలు కావాలి. గుడ్డపీలికలు పనికిరావు.

ఆ రోజే ఇస్సాకు తువ్వాళ్ళ తాను పూర్తి చేసి మగ్గం మీంచి కోసి దించాడు. శుక్రవారం పొద్దున్నే సుంకులమ్మతో కలిసి సి.బెళగల్‌లో ప్రార్థన కూటాలకు బయలుదేరాడు. శనివారం సాయంత్రం వస్తారు. పోతూ పోతూ అరుగు మీద తెల్లబట్టలో చుట్టిన నిలువుపోగుల పడుగును చూపించి, "బల్ల గుడ్డ పడుగు అది. ఎవరూ కాలు తగిలించొద్దండి. వచ్చినాక ఎక్కిస్తా," అని చెప్పాడు. ఎలీషా వాళ్ళను ఆటోలో ఎక్కించుకొని వెళ్ళిపోయాడు. ఉచ్చీరమ్మ రేషను బియ్యానికి పోయింది.

ఇల్లంతా ప్రమీలదే. మగ్గం ఖాళీగా ఉంది. పోగులు దూరే కళ్ళున్న అచ్చు వెనక, కోసేసిన తాను తాలూకు దారాలు కుచ్చులు కుచ్చులుగా ముడివేసి వేలాడుతున్నాయి. మూరెడు పొడుగు, శుభ్రంగా, తెలుపు ఎక్కువ, అంచుల్లో ఎరుపు. మిగిలిపోయిన తోకలే కదా. ఎవరినన్నా అడుగుదామంటే కానుకల రహస్యం బయటపడుతుంది. నేత ఇంట్లో పుట్టిన పిల్లయితే నిద్రలో కూడా వాటి జోలికి పోయేది కాదు. ప్రమీల పుట్టింది పత్తి మిల్లు పక్కన. మిల్లులో వేలాడేదీ, కింద రాలిపడేదీ ఊడ్చేసేదే. ఒక కుచ్చు ముడి విప్పి లాగింది. అచ్చు కళ్ళలోంచి సర్రున జారి చేతిలోకి వచ్చేసింది. ఆ జారడం ఎంత బాగుందంటే ఇంకోటి లాగింది, ఇంకోటి లాగింది. గంట తిరిగేసరికి బొంత నాలుగు మూలలా తెల్ల కుచ్చులు, వాటి నడుముకు ఎర్ర దారం కట్లు.

బియ్యం సంచి దించి ఉచ్చీరమ్మ లోపలికి వచ్చింది. ప్రమీల బొంతను చప్పున చాప కింద దోపేసింది. పెద్దత్త అటు చూడనే లేదు. మగ్గం దగ్గర నిలబడిపోయింది. చెయ్యి చాపి ఖాళీ అచ్చును వేళ్ళతో మెల్లగా తడిమింది.

"ఎన్ని తీసినావు?"

"అన్నీ," అంది ప్రమీల. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే ఏదో తప్పు జరిగిందని అర్థమైంది.

ఉచ్చీరమ్మ గుంట అంచు మీద కూలబడింది. "అవి తోకలు గాదు తల్లీ. కొత్త పడుగు పోగు ఒక్కోటీ ఆ పాత పోగుకు ముడేస్తాం. ముడేసి ముందుకు లాగితే, పాతది దారి సూపిస్తా పోతాది, కొత్తది దాని ఎనకాల అచ్చులోకి వస్తాది. ఒక్క దినం పని. ఇప్పుడు దారి సూపించేదానికి ఏముంది?"

"ఇప్పుడు ఏం చెయ్యాల?"

"పదిహేడు నూర్ల పోగులు. ఒక్కోటీ ఒక్కో కంట్లో దూర్చాల. మళ్ళ ముందరున్న దువ్వెన పండ్ల సందులోంచి లాగాల. ఇస్సాకు ఒక్కడే కూసుంటే మూడు దినాలు. నడుమ ఆదివారం పని ముట్టడు. గురువారమే పండగ. ఇంగ నేసేది ఎప్పుడు?"

ప్రమీల కళ్ళ ముందు గుడిలో ఖాళీ బల్ల కనబడింది. ఎప్పుడూ తప్పని గుడ్డ ఈసారి తప్పిందంటే, అది ఆదోని పిల్ల చేతిపని వల్ల. "మామకు ఫోన్ చేస్తా పెద్దత్తా," అని ఏడుపు గొంతుతో లేచింది.

"ఫోన్ జేసి ఏమని సెప్తావు? ఆయప్ప ఆడ ప్రార్థనలో ఉంటాడు. ప్రార్థన సెడ్తాది, అచ్చు నిండదు." ఉచ్చీరమ్మ కాసేపు ఖాళీ అచ్చు వైపు చూసింది. తర్వాత కొంగు నడుముకు దోపింది. ఆమె కొంగు దోపడం ప్రమీల అదే మొదటిసారి చూడటం. "ఆ పడుగు ఈడికి పట్టుకరా. మెల్లగ. సేతులు కడుక్కోని పట్టుకో."

"నీకు వస్తుందా పెద్దత్తా? ఆడోళ్ళు అచ్చు ముట్టకూడదని అత్త అంటుండె."

"ముట్టకూడదు," అంది ఉచ్చీరమ్మ. "మా నాయన ముట్టనిచ్చేవాడు గాదు. కండ్లు మసకలైనంక ముట్టనిచ్చినాడు. ఇస్సాకు అప్పటికి బడికి పోతాండె. వాడు వచ్చేసరికి అచ్చు నిండి ఉంటాండె. నాయనే ఎక్కించినాడని ఊరంతా అనుకునేది. నాయన గూడా అట్లనే సెప్తాండె."

పడుగు మగ్గానికి కట్టారు. ప్రమీల వెనక వైపు, ఉచ్చీరమ్మ ముందు వైపు. ప్రమీల ఒక్కో పోగును వేరుచేసి కంటి దగ్గరికి అందించాలి. ఉచ్చీరమ్మ సన్నని కొక్కేన్ని కంట్లోంచి పంపి పోగును పట్టి లాగాలి. ముందరి అచ్చులో ఒకటి, వెనక అచ్చులో ఒకటి. మళ్ళీ ముందరిది, మళ్ళీ వెనకది. మొదట్లో ప్రమీల ఒక పోగు ఇవ్వబోతే మూడు వచ్చేవి. "ఒకటి. తొందర పడితే తెగి, ఒకటి కంటే తక్కువ వస్తాది," అనేది పెద్దత్త.

మధ్యాహ్నం అన్నం గిన్నె పక్కన పెట్టుకొనే చేశారు. నాలుగు వందలు దాటాక ఉచ్చీరమ్మ చెయ్యి ఆగింది. వేలితో వెనక్కి తడుముకుంటూ వెళ్ళి ఒక చోట నిలిచింది. "ఈడ రెండూ ముందరి అచ్చుకే పోయినాయి." చూస్తే నిజమే. ప్రమీల కళ్ళకు కనిపించనిది ఆమె వేళ్ళకు తెలిసింది. అరవై పోగులు విప్పాల్సి వచ్చింది. ప్రమీలకు ఏడుపు వస్తే, ఉచ్చీరమ్మ మాత్రం విప్పుతూ సన్నగా ఏదో పాట ఎత్తుకుంది. కండెల దగ్గర ఆమె పాడగా ఎన్నడూ వినలేదు. పొద్దుగూకేసరికి ఎనిమిది వందల యాభై. ఎలీషా వచ్చి చూసి, విషయం విని, నోరు తెరిచి, ఇద్దరి ముఖాలూ చూసి నోరు మూసుకొని, హోటలు నుంచి దోసెలు తెచ్చాడు. దోసెలు కట్టించింది అరిటాకులో, ప్లాస్టిక్ కవరులో కాదు. అతనికీ క్రిస్మస్ తలకెక్కింది.

శనివారం పొద్దు పొడిచేసరికి ఇద్దరూ మళ్ళీ మగ్గం దగ్గర ఉన్నారు. చేతులు కుదిరాయి. ఇప్పుడు ప్రమీల అందించడం, పెద్దత్త లాగడం ఒకే ఊపులో సాగుతున్నాయి. వెయ్యి, పదకొండు వందలు, పన్నెండు వందలు. ప్రతి వందకూ ప్రమీల గోడ మీద బొగ్గుతో గీత గీస్తోంది. గీత గీసినప్పుడల్లా ఇద్దరూ నవ్వుకుంటున్నారు. ప్రమీలకు భయం ఎప్పుడు పోయిందో, దాని చోట్లోకి ఇంత సంబరం ఎప్పుడొచ్చిందో తెలియలేదు.

"పెద్దత్తా, పోయిన క్రిస్మస్సుకు నీకు పాత చీర ఇస్తే నాకు కడుపు రగిలిపోయింది. ఈసారి అట్లుండదు. చూడు."

ఉచ్చీరమ్మ కొక్కెం లాగుతూనే ఉంది. "చీరదేముందిలే. కప్పుకునేదానికి అయ్యింది."

"మరి ఎందుకట్ల లేచిపోయినావు?"

రెండు పోగులు గడిచాయి. "ముప్పై ఏండ్లు సేయి సాపినా అమ్మీ. సాపీ సాపీ సేయి నొస్తాది. ఇచ్చేవాళ్ళు మంచోళ్ళే. తీసుకునే సేతికే తెలుస్తాది ఆ నొప్పి." ఇంకో పోగు లాగింది. "ఇయ్యి, నిలబెట్టొద్దు."

ప్రమీల పోగు ఇచ్చింది. ఆ మాట మాత్రం లోపల ఎక్కడో చిక్కుకొని ఉండిపోయింది. తన బొంత కూడా మళ్ళీ ఆ చేతినే చాపమంటుంది కదా అనిపించింది. పోయినేడు ఆ కొంగు గుప్పిట్లో ఏం పట్టుకుందని అడిగితే, "వక్కలు," అని తేల్చేసింది పెద్దత్త.

నాలుగున్నరకు ఆఖరి పోగు దువ్వెన సందులోంచి బయటికి వచ్చింది. ప్రమీల గోడ మీద పదిహేడో గీత గీసి, బొగ్గు చేతులతోనే పెద్దత్తను కౌగిలించుకుంది. గోడ తుడిచేలోపు ఆటో చప్పుడు వినబడింది.

ఇస్సాకు చెప్పులు విడిచి నేరుగా మగ్గం దగ్గరికి వచ్చాడు. పడుగు ఎక్కి ఉండటం చూసి, "అరే, అక్కా, ముడులు అప్పుడే అయిపోయినాయా?" అంటూ గుంటలోకి దిగి కూర్చున్నాడు. అచ్చు వెనక చెయ్యి పెట్టి, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మెల్లగా నిమిరాడు. మళ్ళీ నిమిరాడు. నలభై ఏళ్ళుగా నేస్తున్నవాడికి చెయ్యి చెప్పేది కళ్ళు చెప్పలేవు.

"ముడులు యాడ?"

సుంకులమ్మ సంచి దించకుండానే నిలబడింది.

"పాత పోగులన్నీ నేను లాగేసినా మామా," అంది ప్రమీల. "తుక్కనుకున్నా. కుచ్చులకు. పెద్దత్త మళ్ళీ మొదటి నుంచీ ఎక్కించింది. నేను పోగులు అందించినా, అంతే."

"అయ్యో, పనీ పాటా తెలియని..." అని సుంకులమ్మ మొదలుపెట్టింది. ఇస్సాకు చెయ్యెత్తాడు. అతని కళ్ళు గోడ మీది బొగ్గు గీతల మీద ఉన్నాయి. అక్కడి నుంచి అక్క వేళ్ళ మీదికి వచ్చాయి. కొక్కెం ఒరుసుకొని ఆ చూపుడువేలు వాచి ఉంది.

"నాయన కండ్లు పోయినంక గూడా అచ్చు తప్పు లేకుండా నిండేది," అన్నాడు. "ఎట్లబ్బా అనుకునేవాణ్ణి."

ఉచ్చీరమ్మ రాట్నం ముందుకు వెళ్ళి కూర్చుంది. "కండెలు సాలవు నీకు," అంది.

సోమవారం నుంచి మగ్గం ఆగలేదు. మామ నేస్తుంటే ప్రమీల కండెలు అందించింది. ముడుల వరస లేకుండా మొదటి జానెడు నుంచే గుడ్డ పాలమీగడలా దిగింది. ఇన్నేళ్ళలో ఇట్లాంటి మొదలు పడలేదని ఇస్సాకు రెండుసార్లు అన్నాడు, ఎవరికీ చెప్పనట్టు, మగ్గానికే చెప్పినట్టు. బుధవారం మధ్యాహ్నం కోసి, ఇస్త్రీ చేయించి, గుడికి చేర్చారు.

క్రిస్మస్ పొద్దున బల్ల మీద ఆ గుడ్డ పరిచి ఉంది. ఆరాధన అంతసేపూ ప్రమీల దాన్నే చూసింది. పాస్టరు అయ్యగారు కానుకల పేర్లు చదువుతూ, "బల్ల గుడ్డ, ఇస్సాకు ఇంటి కానుక," అన్నారు, ఏటా అన్నట్టే. ప్రమీల పక్కకు తిరిగి చూసింది. ఉచ్చీరమ్మ వాచిన వేలిని కొంగులో చుట్టుకొని, తల వంచి కూర్చొని ఉంది. అప్పుడు ప్రమీల లోపల చిక్కుకున్న మాట ఊడి వచ్చింది. పెద్దత్తకు కావాల్సింది బొంత కాదు, ఇచ్చే వంతు.

ఇంటికి వచ్చేసరికి ఎండ పెరట్లోకి దిగింది. వెదురుపుల్లలకు కాగితం అంటించి ఎలీషా చేసిన నక్షత్రం కొంచెం వంకరగా వేలాడుతోంది. ఎస్తేరు, ఆమె భర్త, కెజియ ఆదోని నుంచి వచ్చారు. ఎస్తేరు ఆకుల్లో చుట్టిన నువ్వుల ఉండలు తెచ్చి, "మా వదిన దెబ్బకు రెండు దినాలు పొయ్యి కాడనే ఉన్నా," అని అందరికీ వాచిన చేతులు చూపించింది. గంప నిండింది. ఇస్సాకు ముందు కూర్చున్నాడు.

"ఎస్తేరు ఇంటి కానుక." ఉండలు పంచారు. "ఎలీషా ఇంటి కానుక." ప్రమీల లేచింది. ఇస్సాకు దిండును అక్కడే కింద వేసుకొని కూర్చొని చూశాడు. సుంకులమ్మ కుదురును నేలమీద పెట్టి, అది ఒరిగితే ఇంకో పక్కకు తిప్పి, అటూ ఒరిగితే, "కుండే సర్దుకుంటాదిలే," అంది. కెజియ బొమ్మ కన్ను చూసి పగలబడి నవ్వింది. చివరికి ప్రమీల బొంతను తలుపు దగ్గరికి తీసుకెళ్ళి పెద్దత్త ఒళ్ళో పరిచింది. ఉచ్చీరమ్మ కుట్ల మీద చెయ్యి పోనిచ్చి, మూల దాకా వచ్చి కుచ్చును పట్టుకుంది.

"ఇదేనా, ఇంత తిప్పలు పెట్టిన కుచ్చు," అంది. ఇస్సాకు కూడా నవ్వాడు.

నవ్వుతూనే గంప అంచు పట్టుకొని బోర్లించబోయాడు. ప్రమీల గబగబా వచ్చి గంప మీద చెయ్యి వేసింది.

"ఆగు మామా. పెద్దత్త పేరు పిలవలేదు."

నవ్వులు ఆగాయి. సుంకులమ్మ సర్దబోయింది. "ఇంటి పేరున పిలిచేది కదమ్మీ. ఆమెకు వేరే ఇల్లు యాడుంది?"

"ఇల్లు లేకపోతే కానుక ఉండదా అత్తా?" ప్రమీల గంప మీంచి చెయ్యి తీయలేదు.

ఇస్సాకు కోడలిని చూడలేదు. లోపల చీకట్లో ఉన్న మగ్గం వైపు చూశాడు. గోడ మీద పదిహేడు గీతలు అలాగే ఉన్నాయి. తుడవొద్దని ఆయనే అన్నాడు. గంపను మళ్ళీ నిలబెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. ఆ పేరు ఆ గొంతుతో ఎన్నడూ పిలిచి ఎరగడు. మొదటిసారి సరిగా రాలేదు. రెండోసారి పిలిచాడు.

"ఉచ్చీరమ్మ కానుక."

ఆమె కదల్లేదు. పేరు తనదేనా అన్నట్టు చూసింది. తర్వాత మెల్లగా లేచి, రాట్నం వెనక గూట్లోంచి ఒక గుడ్డమూట తెచ్చి గంప ముందు విప్పింది.

అన్నీ మగ్గం దారాలతో అల్లినవే. సుంకులమ్మకు కుదురు. గుండ్రంగా, గట్టిగా, ఏ పక్కకూ ఒరగకుండా. ఏ ఏటిదో గానీ తెల్లదారం పసుపురంగుకు తిరిగింది. దాని పక్కన తన వంకర కుదురును చూసి ప్రమీల చెవులు ఎర్రబడ్డాయి. ఇంటికంతా తానే కొత్తగా నేర్పుతున్నానని దసరా నుంచీ ఎగిరింది కదా! ఇస్సాకుకు కండెల సంచి. ఎలీషాకు చిన్నప్పుడు బడికి వేసుకుపోయే అంత సంచి, ఇప్పుడు అందులో అతని పిడికిలి మాత్రమే పడుతుంది. ఎస్తేరు చేతికి ఒక మొలతాడు ఇచ్చింది. అది ఏడాది పిల్లకు సరిపోయేది. ఎస్తేరు దాన్ని కెజియ నడుముకు పెట్టి చూసింది. తొమ్మిదేళ్ళ నడుముకు బెత్తెడు తక్కువైంది. ఎస్తేరు ముఖం తిప్పుకుంది.

"ఏటా ఒకటి సేస్తాంటి," అంది ఉచ్చీరమ్మ, ఏదో సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు. "పేరు పిలిస్తే ఇద్దామని కొంగులో పెట్టుకుంటాంటి."

సుంకులమ్మ రెండు కుదుర్లూ ఒళ్ళో పెట్టుకుంది. కొంగుతో పాత కుదురు మీది దుమ్ము తుడిచింది, ఒకసారి, రెండుసార్లు.

మూటలో అడుగున ఇంకొకటి మిగిలింది. ఉచ్చీరమ్మ దాన్ని తీసి ప్రమీల అరచేతిలో పెట్టింది. జడకుచ్చులు. మూడు కుచ్చులు, తెల్లదారంలో ఎరుపు మెలి, ఒక్కోటీ వేలంత. కొత్త కోడలికి. పోయిన క్రిస్మస్‌వి.

"వక్కలన్నావు కదా పెద్దత్తా."

"అట్ల తిరుగు," అంది ఉచ్చీరమ్మ.

ప్రమీల వెనక్కి తిరిగి కింద కూర్చుంది. జడ కొసన ఆ వేళ్ళు పనిచేయడం తెలుస్తోంది. ముందరి పాయ ఒకటి, వెనక పాయ ఒకటి, తొందర లేకుండా. ప్రమీలకు నవ్వూ కన్నీళ్ళూ ఒకేసారి వచ్చాయి. వాటిని దాచడానికి ఏదో ఒకటి అడగాలనిపించింది.

"ఇంత పొడుగు దారాలు నీకు యాడివి పెద్దత్తా?"

ఉచ్చీరమ్మ ముడి బిగించి, జడను భుజం మీంచి ముందుకు వేసింది.

"నేను ఊడ్సినవి తీసుకున్నా," అంది. "మగ్గం మీదివి లాగలేదు."

ముందుగా నవ్వింది ఇస్సాకే. గంప బోర్లించడం అందరూ మరిచిపోయారు.